చింతగింజల జిగురు

పోయిన వారం మనం సిద్దిపేటలో సాయిప్రసాద్ వాకిట్లో ఆగిపోయాం. పాత ఫ్లెక్సీలతో కట్టిన పందిరి కింద నుంచి ముసలి జీపు ఎర్రగా మెరుస్తూ బయటికొచ్చింది. ఊరూరా తిరిగి పటం కథలు చెప్పే భిక్షపతి దాని చుట్టూ ఓసారి తిరిగాడు. బానెట్ మీద అరచెయ్యి ఆనించి, "మీ బాపు పటం ఎరుపే దిగింది బిడ్డా" అన్నాడు. ఆ తర్వాత భార్య యాదవ్వనూ, హార్మోనియం పెట్టెనూ, చేర్యాలలో సాయిప్రసాద్ తండ్రి గుడ్డ మీద గీసిచ్చిన కొత్త బొమ్మల పటాన్నీ ఎక్కించుకొని కొండపాక వైపు సాగిపోయాడు. జీపు మలుపు తిరిగేదాకా సాయిప్రసాద్ చెయ్యి ఊపుతూనే ఉన్నాడు. చెప్పాల్సిన మాట ఒకటి మాత్రం అతని నోట్లోనే ఉండిపోయింది. అదేమిటో పోయిన వారం అతను మనకు కూడా చెప్పలేదు.

ఆ రాత్రి చెడగొట్టు వాన కొట్టింది. తెల్లారేసరికి వాకిలంతా ఎర్రటి అడుసు. ఫ్లెక్సీ పందిరి ఒక పక్కకు ఒరిగిపోయి, దాని మీద ఎవరో తెలియని పుట్టినరోజు పెద్దమనిషి మొహంలో నీళ్ళు నిలిచి ఉన్నాయి. సాయిప్రసాద్ ఫ్లెక్సీలు కొట్టే దుకాణంలో కంప్యూటర్ ముందు పని చేస్తాడు. అక్షరం తప్పు పడి పనికిరాకుండా పోయిన ఫ్లెక్సీలన్నీ ఇంటికి తెచ్చుకుంటాడు. వాటి నీడలోనే జీపును గీకాడు, రుద్దాడు, పంక్చర్ దుకాణం నుంచి కంప్రెసర్ అడిగి తెచ్చుకొని రంగు కొట్టాడు.

పళ్ళపుల్ల నోట్లో పెట్టుకొని గోడ దగ్గరికి వెళ్ళినవాడు అక్కడే నిలబడిపోయాడు.

గోడ మీద జీపు టూల్ బాక్సు మూత ఉంది. పూత మీద రంగు ఎట్లా కూర్చుంటుందో చూసుకోవడానికి అన్నిటికన్నా ముందు దాని మీదనే వేసి చూసుకున్నాడు. బిగించడం మరిచిపోయి అక్కడే వదిలేశాడు. నిన్నటిదాకా అద్దంలాగా ఉన్న మూత ఇప్పుడు నూనెలో పడ్డ పూరీలాగా పొంగి ఉంది. పొంగు మధ్యలో పగిలింది. ఆ పగులులోంచి ఎర్రచీమలు బారు కట్టి, తెల్లటి ముద్దను తునకలు తునకలుగా గోడ కిందికి మోసుకుపోతున్నాయి.

వేలితో నొక్కాడు. రంగు పొర లోపలికి దిగబడింది. వేలు ముక్కు దగ్గర పెట్టుకుంటే పుల్లటి వాసన. పుట్టినప్పటి నుంచి ఎరిగిన వాసన.

పళ్ళపుల్ల ఎప్పుడు కింద పడిందో అతనికి తెలియదు.

చేర్యాలలో నకాశీ బొమ్మలు చేసేవాళ్ళ ఇంట్లో పుట్టినవాడు సాయిప్రసాద్. చింతగింజలు నానబెట్టి, రుబ్బి, ఉడికించి తీసిన జిగురులో రంపపు పొట్టు కలిపితే బొమ్మల ముద్ద అవుతుంది. దానిలో గుడ్డ ముక్కలు ముంచి పొరలు పొరలుగా అతికిస్తే ఆరాక చెక్కలాగా గట్టిపడుతుంది. ఆ ఇంటి పిల్లలు మట్టితో ఆడుకోకముందే ఆ ముద్దతో ఆడుకుంటారు. జీపు తుప్పు గుంటలు పూడ్చడానికి అతను ముందు దుకాణంలో అమ్మే పుట్టీనే తెచ్చాడు. అందులో గట్టిపడే మందు ఎంత కలపాలో తెలియక ఎక్కువ కలిపాడు. అది గిన్నెలోనే రాయి అయిపోయింది. రెండోసారి తక్కువ కలిపితే ఎండకు పగుళ్ళిచ్చింది. అప్పుడు చేతికి తెలిసిన పని చేశాడు. చింతగింజల జిగురు, రంపపు పొట్టు, కొంచెం సుద్ద. గరుకు కాగితంతో రుద్దితే నున్నగా, ఎక్కడా గీత కనిపించకుండా కూర్చుంది. ఇంత సులువైన ఉపాయం మెకానిక్‌లకు ఎందుకు తట్టలేదా అని ఆ రోజు లోలోపల మురిసిపోయాడు కూడా.

ఎండలో అది నిజంగానే రాయి. బొమ్మలు ఇంట్లో గూట్లో ఉంటాయి, వానలో తిరగవు. అంత చిన్న సంగతి అతని తలకు తట్టలేదు.

"చీమలను గట్ల జూస్తున్నవేంది?" అంటూ భువన వెనక నుంచి వచ్చింది. మూత చూసింది. భర్త మొహం చూసింది. ఆమె చేతిలో చాయ గ్లాసు ఉంది, దాన్ని అతనికి ఇవ్వలేదు.

చింతగింజలు డబ్బాలో తగ్గిపోతున్నాయని జీపు పని నడుస్తున్నప్పుడే ఆమె అడిగింది. హైదరాబాదు నుంచి ఎవరో బొమ్మలు అడిగారని, పండుగ లోపల చేసివ్వాలని అతను చెప్పాడు.

"అంటే, నా మిక్సీల రుబ్బుకున్నది బొమ్మలకు కాదన్నట్టు" అన్నది భువన.

అతను కింద పడ్డ పళ్ళపుల్లను కాలితో అడుసులోకి తొక్కాడు.

"జీపుకు ఏడేడ వెట్టినవ్?"

ముందు మడ్‌గార్డు అన్నాడు. ఎడమ తలుపు కింది అంచు అన్నాడు. వెనక పలక మీద రెండు గుంటలు అన్నాడు. ఒక్కోటి చెప్పి ఆగుతున్నాడు. భువన కూడా ఆగుతున్నది. రంగు పొంగితే చూడ్డానికి బాగుండదు, నలుగురూ నవ్వుతారు, మళ్ళీ గీకి వేసుకోవచ్చు, దానికి మనిషి మొహం ఇట్లా తెల్లబడదని ఆమెకు తెలుసు.

"ఇంకేడ?"

"సీటు కింద" అన్నాడు సాయిప్రసాద్. "డ్రైవర్ సీటు కింద."

ఆ తర్వాత దాచుకోవడానికి ఏమీ మిగలలేదు. సీటు వెనక బోల్టులు పట్టే రేకు అప్పడంలాగా అయిపోయింది. తుప్పు గీకుతుంటే చెయ్యి పట్టేంత జాగా ఊడి కింద నేల కనిపించింది. అది వెల్డింగ్ పని, కొత్త రేకు వేసి అతకాలి. అంతవరకు అతనికీ తెలుసు. వెల్డర్ ఏమో బిడ్డ పెండ్లి పెట్టుకొని దుకాణం మూసేశాడు. అతను వచ్చేదాకా పని ఆగకుండా ఉండాలని గుడ్డ మీద గుడ్డ అతికించి, పొట్టు ముద్ద పెట్టి, బోల్టులు అందులోనే నిలబెట్టి పైన ఎరుపు కొట్టాడు. వెల్డర్ వచ్చాక తీసేద్దామనే. కొండపాక అవతలి ఊరి నుంచి కబురొచ్చిందని భిక్షపతి అనుకున్న రోజుకంటే ముందే వచ్చేశాడు. ఎక్కి కూర్చున్నాడు. సీటు మీద పిల్లవాడిలాగా ఎగిరెగిరి చూసుకున్నాడు. "గట్టిగున్నది" అన్నాడు.

"గప్పుడన్న చెప్పకపోతివి?"

"బాపు ఎరుపే దిగిందన్నడు, భువనా."

ఆమె చాయ గ్లాసును గోడ మీద పెట్టింది. బాపు అన్న పేరు వచ్చాక ఇంకేమీ అడగక్కర లేదు. చేర్యాలలో ఉన్న మామగారు రాజమల్లయ్య ఎక్కువ మాట్లాడే మనిషి కాదు. కొడుకు డిగ్రీ చదివి ఫ్లెక్సీల దుకాణంలో చేరినప్పుడు తిట్టలేదు. వచ్చిన చుట్టాలతో మాత్రం, వానికి చేతిల పని పోయింది అనేవాడు. జీపుకు రంగు వేస్తానని చెప్పినప్పుడు కూడా గుడ్డ వేరు ఇనుము వేరు అని ఊరుకున్నాడు. భిక్షపతి రంగుకు జీపును గ్యారేజీలో ఇవ్వబోతే పట్టుబట్టి తన వాకిట్లోకి తెప్పించుకున్నది ఎందుకో భువనకు మొదటి నుంచీ తెలుసు.

"ఫోన్ చెయ్" అన్నది.

భిక్షపతి ఫోన్ ఎత్తే మాట లేదు. పటం విప్పిన రోజున కథ చెప్పేవాళ్ళు ఫోన్లు కట్టేసి పెట్టెలో పడేస్తారు. యాదవ్వ ఫోన్ కూడా పలకలేదు. ఆ ఊళ్ళో తెలిసినవాళ్ళు ఎవరూ లేరు.

"పోయి చెప్పు. నువ్వు వెట్టింది నువ్వే చెప్పు" అన్నది భువన. "వేరే కత చెప్పకు. మామయ్యకు నేను చెప్తా."

"బాపుకు వద్దు."

"ఎవలకు వద్దో తర్వాత జూద్దాం. ముందు పో."

రాజీవ్ రహదారి మీద బండి పరుగు తీస్తున్నది కానీ సాయిప్రసాద్ కళ్ళు దారి మీద లేవు. తడిసిన యాసంగి వడ్లను రైతులు సర్వీసు రోడ్డు మీద పరుచుకుంటున్నారు. ఎదురుగా వచ్చే ప్రతి ఎర్రటి వాహనం అతనికి ఆ జీపులాగానే కనిపిస్తున్నది. సాఫు దారిలో సీటు ముందు బోల్టుల మీద నిలబడుతుంది, ఏమీ కాదు అని తనకు తాను చెప్పుకున్నాడు. ఎగువకు ఎక్కేటప్పుడే మనిషి బరువంతా వెనక్కి పడుతుంది. వెనక రేకు విడిస్తే సీటు మనిషితో సహా వెల్లకిలా పోతుంది. కాలు బ్రేకును వదులుతుంది. పట్టుకోవడానికి స్టీరింగ్ ఒక్కటే దొరుకుతుంది, దాన్ని పట్టుకొనే పడతాడు.

ఆ ఊళ్ళో ఎగువ ఎక్కడుందో అతనికి అప్పుడు తట్టింది. కథ మొదలుపెట్టిన రోజు పటాన్ని చెరువు కట్ట మీది మైసమ్మ దగ్గరికి తీసుకుపోయి మొక్కించుకొని వస్తారు. చిన్నప్పుడు బాపు భుజం మీద కూర్చొని తను కూడా అట్లా వెళ్ళినవాడే.

కొండపాక దాటి ఆ ఊరు చేరేసరికి పొద్దు బారెడెక్కింది, అయినా మబ్బుకు ఎండ లేదు. బడి పక్కన ఖాళీ జాగాలో షామియానా వేశారు. జీపు బయటే, చెక్కుచెదరకుండా ఉంది, రాత్రి ఎవరి కొట్టంలోనో పెట్టినట్టున్నారు. ఎరుపు ఎక్కడా పొంగలేదు. సాయిప్రసాద్ బండి ఆపి, హమ్మయ్య అని గుండె మీద చెయ్యి వేసుకున్నాడు.

షామియానాలో కథ నడుస్తున్నది. వెదురు గుంజలకు పటం వేలాడుతున్నది. నేతవాళ్ళ కులకథ, వరస కింద వరసగా, ఎర్రటి నేల మీద పసుపు, నీలం మనుషులు. భిక్షపతి చేతిలో సన్నటి కర్ర ఒక్కో బొమ్మ మీద ఆగి కదులుతున్నది. ఆయన ఒక మాట అంటే యాదవ్వ దాన్ని రాగంలోకి ఎత్తుకుంటున్నది. ఆ రోజు భాగం ముగిసేదాకా కథకుడిని ఎవరూ పిలవకూడదు, మధ్యలో లేపకూడదు. సర్పంచ్ వచ్చినా వెనక కూర్చోవాల్సిందే.

సాయిప్రసాద్ మెల్లగా జీపు దగ్గరికి నడిచాడు. డ్రైవర్ తలుపు తీసి మ్యాటు అంచు ఎత్తి, సీటు వెనక్కి చెయ్యి పోనిచ్చాడు. కింది నుంచి దారి నీళ్ళు కొట్టినట్టున్నాయి. గుడ్డ ఉబ్బింది. బొటనవేలు ఆనించాడో లేదో అది లోపలికి వెళ్ళి అవతలి గాలి తగిలింది. బోల్టు ఊడబోయే పంటిలాగా కదిలింది.

మ్యాటు కప్పేసి నిలబడ్డాడు. అప్పుడు అతనికి ఒక ఉపాయం తోచింది. వెనక టైరు గాలి తీసేస్తే చాలు. జీపు కదలదు. పటాన్ని ఎడ్లబండి మీద తీసుకుపోతారు. సాయంత్రానికి తనే టైరు విప్పి, బాగు చేయిస్తానని జీపును సిద్దిపేటకు తోలించుకుపోయి, వెల్డర్ కాళ్ళు పట్టుకొని రేకు వేయిస్తే ఎవరికీ ఏమీ తెలియదు. బాపుకు అసలే తెలియదు. భువన చెప్పిన మాట చెవిలో మోగింది కానీ చేతులు అప్పటికే పని మొదలుపెట్టాయి. టైరు దగ్గర కూర్చొని గాలి మూత తిప్పి తీశాడు. లోపలి పిన్నును నొక్కడానికి ఒక పుల్ల వెతుక్కుంటున్నాడు.

"అగో, ఎవలొచ్చిన్రో సూడున్రి."

భిక్షపతి గొంతు మైకులో వచ్చింది. అప్పటికి కథ భాగం ముగిసింది, హారతి అవుతున్నది. షామియానాలో ఉన్న తలలన్నీ వెనక్కి తిరిగాయి. సాయిప్రసాద్ లేచి నిలబడ్డాడు. మూత గుప్పిట్లోనే ఉంది.

"గీ పటం గీసిన రాజమల్లయ్య కొడుకు" అన్నాడు భిక్షపతి. "గా బండికి ఎరుపు వెట్టింది గీ పిలగాడే. ఇంట్ల, వాకిట్ల, ఒక్కడే. గ్యారేజోళ్ళు గూడ గిట్ల వెయ్యరు. రా బిడ్డా, ముంగటికి రా."

ఆడవాళ్ళు జరిగి దారి ఇచ్చారు. ఎవరో కుంకుమ తెచ్చి అతని నుదుట పెట్టారు. అతను పటాన్ని దగ్గరి నుంచి చూశాడు. ఆ గుడ్డ మీదా చింతగింజల జిగురే ఉంది. అదే సుద్ద, అదే పొర. బాపు చెయ్యి తగిలిన చోట అది దేవుడయింది.

కథ చెప్పేవాళ్ళ ఇంట్లో పటం కూడా ఒక మనిషి లెక్కే. నకాశీ వాళ్ళ చేతికి అది రెండుసార్లే వస్తుంది. గీసేటప్పుడు ఒకసారి, రంగు వెలిసి, గుడ్డ చిరిగి, ఇక కథ చెప్పలేనప్పుడు ఇంకోసారి. రెండోసారి వచ్చిన పటానికి గీసిన ఇంటివాళ్ళే కొబ్బరికాయ కొట్టి, ఏడ్చి, గోదావరిలో కలుపుతారు. సాయిప్రసాద్ తాత గీసిన పాత పటాన్ని ఈ ఏడే భిక్షపతి తెచ్చి రాజమల్లయ్య చేతుల్లో పెట్టాడు. ఆ రోజు ఇద్దరు ముసలివాళ్ళూ పిల్లల్లాగా ఏడ్చారు. దాని జాగాలో పుట్టిందే ఈ పటం.

యాదవ్వ పటాన్ని చుట్టి పసుపు బట్ట కప్పింది. పిల్లలు అప్పుడే జీపు వెనక ఎక్కి కూర్చున్నారు. ఇద్దరు ముసలమ్మలను కూడా చేతులు పట్టి ఎక్కించారు. భిక్షపతి నడుముకున్న తాళం చెవి తీసి, కళ్ళకద్దుకొని, సాయిప్రసాద్ చేతికి అందించాడు.

"ఇయ్యాల నువ్వు తోలు. మీ బాపు గీసిన తల్లి, నువ్వు రంగేసిన బండి. నేను పక్కన పటం వట్టుకొని కూసుంట. కట్ట మీదికి తోలు."

"రంగు పచ్చిగున్నది మామా" అన్నాడు సాయిప్రసాద్. "ఇయ్యాల కదపద్దు. ఎండాలె."

భిక్షపతి బానెట్ మీద బొటనవేలు రుద్ది, వేలు పైకెత్తి అందరికీ చూపించాడు. వేలికి ఏమీ అంటలేదు. "పచ్చిగుంటే మా చీరలకు అంటాలె గదా పిలగా" అని జీపులోంచి ఒక ముసలమ్మ అన్నది. "అంటినా ఎరుపే, మంచిదే." అందరూ నవ్వారు.

జీపు తోలడం తనకు అంతగా రాదన్నాడు. జీపు రంగుకు వచ్చిన రోజున వాకిట్లో ముందుకూ వెనక్కూ తోలినవాడు ఇతనే కదా అన్నాడు భిక్షపతి. పొద్దున తినలేదు, కళ్ళు తిరుగుతున్నాయన్నాడు. మొక్కొచ్చి తిందువులే అని భుజం తట్టాడు భిక్షపతి. నవ్వు ఇంకా ఆయన మొహం మీదే ఉంది కానీ కళ్ళలో నుంచి మెల్లగా పోతున్నది. ఇంతమందిలో తాళం చెవి ఇస్తే తీసుకోని మనిషిని ఆయన ఎప్పుడూ చూడలేదు.

"ఏమాయె? మా బండి ఎక్కితే మీ నకాశోళ్ళకు తక్కువా?"

"అట్ల కాదు మామా."

"మరెట్ల?"

యాదవ్వ పటాన్ని ఎత్తుకొని అతని మొహాన్నే చూస్తున్నది. "పిలగాడు ఏదో చెప్పవోతుండు. చెప్పనియ్ రాదు" అన్నది.

తాళం చెవి ఇంకా భిక్షపతి చేతిలోనే చాచి ఉంది. వెనక పిల్లలు హారన్ కొట్టమని అరుస్తున్నారు. సాయిప్రసాద్ డ్రైవర్ సీటు వైపు చూశాడు. ఎక్కి కూర్చోవడానికి ఒక కాలు కూడా ఎత్తాడు. ఆ కాలు మెట్టు మీద ఆనలేదు.

"నేను కూసోను మామా."

"ఎందుకు?"

"గా సీట్ల నేను కూసోను" అన్నాడు. గొంతు పెద్దగా రాలేదు, కానీ అందరికీ వినిపించింది. "నేను కూసోని సీట్ల నిన్న నిన్ను కూసోవెట్టి పంపిన."

ఇంకేమీ చెప్పకుండా మ్యాటు లాగి పారేశాడు. సీటు వీపును రెండు చేతులతో పట్టి తన వైపు ఎత్తాడు. పెద్ద బలం కూడా పెట్టలేదు. తడిసిన గుడ్డ చిరుగుతున్న చప్పుడుతో సీటు వెనక భాగం లేచి వచ్చింది. బోల్టులు ముద్దతో సహా ఊడి వేలాడాయి. సందులోంచి కింద అడుసు, అందులో ఒక కోడి ఈక కనిపించాయి.

ముందు ఒక తల్లి వచ్చి తన బిడ్డను జీపులోంచి దించుకుంది. తర్వాత ఇంకొకామె. ముసలమ్మలను దించడానికి నలుగురు చేతులు పట్టారు. దిగిన ముసలమ్మ కట్ట వైపు ఒకసారి, సీటు వైపు ఒకసారి చూసి, నోటి మీద కొంగు పెట్టుకుంది.

భిక్షపతి వంగి బోల్టుకు అంటిన ముద్దను వేలితో తీసుకున్నాడు. ముక్కు దగ్గర పెట్టుకున్నాడు.

"చింతగింజలు" అన్నాడు.

"అవ్ మామా."

"పొద్దుగాల లేస్తే గీ వాసనకే మొక్కుత నేను. మా నాయిన మొక్కిండు, మా తాత మొక్కిండు." ఆయన గొంతు కథ చెప్పే గొంతు కాదు, చాలా చిన్నది. "గిదే నా కిందవెట్టినవా?"

సాయిప్రసాద్ వెల్డర్ సంగతి చెప్పబోయాడు. పెండ్లి, మూసిన దుకాణం, ముందే వచ్చిన కబురు. అవన్నీ నిజాలే, అయినా ఒక్కటి కూడా పెదవి దాటలేదు.

"నిన్న నేను ఎక్కి కూసున్నప్పుడు నీకు ఎరికేనా?"

"ఎరికే."

"ఎగిరి సూసుకున్నప్పుడు?"

"ఎరికే మామా."

"యాదవ్వను ఎక్కిచ్చుకున్నప్పుడు?"

దానికి సాయిప్రసాద్ తల వంచుకున్నాడు. "బాపు ఎరుపు దిగిందన్నవు మామా. మా బాపు నాతోని గా మాట ఎన్నడు అనలె. అది ఇన్నంక నాకు నోరు రాలె."

భిక్షపతి కళ్ళు ఒక్క క్షణం మెత్తబడ్డాయి. షామియానాలో వెనక ఎవరో, గీ నకాశోళ్ళను నమ్మినందుకు అని గొణిగారు. ఆ మాటతో ఆ మెత్తదనం పోయింది. పక్కనున్న ఊరి పెద్ద, పోనీలే, ఎవరికీ ఏమీ కాలేదు, పటాన్ని నడిపించుకుంటూ కట్ట మీదికి తీసుకుపోదామన్నాడు. భిక్షపతి వినలేదు. చేతికి అంటిన ముద్దను పంచెకు తుడుచుకున్నాడు. యాదవ్వ దగ్గరికి వెళ్ళి పటం కోసం చేతులు చాచాడు.

ఆమె ఇవ్వలేదు. రెండడుగులు వెనక్కి వేసింది.

"వద్దు. నీకు కోపమొస్తే పిలగాన్ని కొట్టు. గది చెయ్యకు" అన్నది.

"ఇయ్యి."

"అది ఇంకా పసిబిడ్డ, దాని కండ్లే తేట వడలె. కత మొదలువెట్టి ఒక్క పొద్దు గూడ కాలె."

"ఇయ్యి, యాదవ్వా."

నలభై ఊళ్ళలో ఆ గొంతు పక్కన పాడిన మనిషి ఆమె. ఆ గొంతు ఎప్పుడు మాట వింటుందో, ఎప్పుడు వినదో ఆమెకు తెలుసు. ఏడుస్తూనే పటాన్ని ఆయన చేతుల్లో పెట్టింది.

భిక్షపతి దాన్ని పసిబిడ్డను ఎత్తుకున్నట్టు రెండు చేతుల మీద ఎత్తుకొని సాయిప్రసాద్ ఎదురుగా వచ్చి నిలబడ్డాడు. ఊరు ఊరంతా చూస్తున్నది. ఆయన ఏం చేయబోతున్నాడో అర్థమై కొందరు ఆడవాళ్ళు మొహాలు పక్కకు తిప్పుకున్నారు.

"వట్టుకో" అన్నాడు.

"మామా..."

"మీ ఇంట్ల పుట్టింది, మీ ఇంటికే తోల్కపో. మీ బాపుకు నేను చెప్పిన అని చెప్పు. పాతదాన్ని కలిపిన కాడనే దీన్ని గూడ కలపుమను."

సాయిప్రసాద్ చేతులు లేవలేదు. తీసుకుంటే ఆ పటం చచ్చినట్టే. బాపు చూపు మందగించాక, అద్దాలు మీద అద్దాలు పెట్టుకొని, చలికాలమంతా కూర్చొని గీసిన పటం. ఈ ఊళ్ళో ఒక్క పూట కథ చెప్పి, చిరగకుండా, వెలవకుండా గోదావరి పాలవుతుంది. రెండు ఇళ్ళ మధ్య తాతల నాటి నుంచి ఉన్న దారి ఈ రోజుతో మూసుకుపోతుంది.

"తప్పు నాది మామా. నన్నేమన్న అను. బాపుది కాదు."

"మీ బాపుది కాదు. నాకెరికె" అన్నాడు భిక్షపతి. "కని ఇగ ఏ పటం జిగురు ఏ చెయ్యి కలిపిందో నాకెట్ల తెల్వాలె? రేపు గీ పటం మీద కర్ర వెట్టి గిది సత్తెం అని చెప్పనీకె నాకు నోరెట్ల వస్తది? వట్టుకో."

మొదటి చినుకు బానెట్ మీద టప్పున పడింది. రెండోది పసుపు బట్ట మీద పడి, అక్కడ ముదురు మచ్చ అయింది. జిగురు పెట్టిన గుడ్డ. వాన తగలకూడని గుడ్డ. ఎవరో షామియానా లోపలికి రమ్మని కేక వేశారు. భిక్షపతి కదలలేదు. ఆయన పాదాల చుట్టూ ఎర్రటి అడుసు, అందులో నిన్నటి వాన నీళ్ళు.

"నువ్వు వట్టకుంటే నేను ఇడుస్త" అన్నాడు. "రెండిట్ల ఏదైనా నీ చేతుల మీదికెల్లే కావాలె."

యాదవ్వ పరుగున వచ్చి ఆయన భుజం పట్టుకుంది. ఆయన ఆమె వైపు చూడలేదు. మూడో చినుకు, నాలుగో చినుకు. పసుపు బట్ట మీద మచ్చలు ఒకదానిలో ఒకటి కలుస్తున్నాయి. సాయిప్రసాద్ కుడిచెయ్యి గుప్పిట బిగిసి ఉంది. అందులో టైరు గాలి మూత ఇంకా అట్లాగే ఉంది. పటాన్ని పట్టాలంటే ఆ గుప్పిట విప్పాలి. విప్పితే, తాను ఇక్కడికి వచ్చి మొదట ఏం చేయబోయాడో ఎదురుగా నిలబడ్డ మనిషికి కనిపిస్తుంది.

భిక్షపతి కళ్ళు ఆ గుప్పిట మీదికి దిగాయి.

"చేతిల ఏమున్నది?" అని అడిగాడు.

అడుగుతూనే పటం కింది నుంచి చేతులు తీసేశాడు.